బొమ్మ చెప్పే సగం

(కరీంనగర్‌లో చేసిన స్మారకోపన్యాసం పాఠం)

 చంటిపిల్లలను ఎత్తుకొని వచ్చిన తల్లులారా, పిల్లలు ఏడిస్తే బయటికి తీసుకుపోకండి. ఈ సాయంత్రం మాట్లాడుకునేది వాళ్ల గురించే.

ఎవరి జ్ఞాపకంగా ఈ సభ పెట్టుకున్నామో ఆ సారు పేరు నా వెనక బ్యానర్ మీద ఉంది. మనలో ఆయన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు ఎవరూ లేరు కాబట్టి నేనూ సారు అనే అంటాను. నిర్వాహకులు నాకు మొదట ఇచ్చిన అంశం 'బాలసాహిత్యం – నైతిక విలువలు'. దాని మీద చక్కగా మాట్లాడగలవాళ్లు ఈ జిల్లాలో చాలామంది ఉన్నారు, చాలాసార్లు మాట్లాడారు కూడా. అందుకని అడిగి మార్పించుకున్నాను. ఇంకా అక్షరం రాని పిల్లలకు ఏ బొమ్మల పుస్తకం కొనాలి, ఏది కొనొద్దు, కొన్నాక దాన్ని వాళ్లతో ఎట్లా చదవాలి? నా అంశం ఇంతే. ఇంత చిన్న విషయానికి స్మారకోపన్యాసమా అని మీలో కొందరు అనుకుంటుండవచ్చు. సారు బతికుండగా ఎక్కువగా కొట్లాడింది ఈ చిన్న విషయం మీదనే.

ఆయన మాట ఇదీ. మంచి బొమ్మల పుస్తకంలో కథ సగం మాటల్లో ఉంటుంది, సగం బొమ్మల్లో ఉంటుంది. రెంటికీ మధ్య కొంత జాగా ఖాళీగా ఉంటుంది. ఆ జాగా పిల్లది. అక్కడ పిల్లకు పని మిగల్చని పుస్తకాన్ని, అది ఎంత నున్నటి కాగితం మీద అచ్చయినా, తీసిన చోటే పెట్టి రావాలి.

మన ఇళ్లలో బొమ్మల పుస్తకం అనగానే ముందు గుర్తొచ్చేది అ–అమ్మ, ఆ–ఆవు. అది పేర్ల పుస్తకం. 1658లో న్యూరెంబర్గ్‌లో కొమేనియస్ అచ్చువేసిన బొమ్మల పాఠ్యపుస్తకం నుంచి నేటి గోడ చార్టు దాకా దాని వంశం పెద్దదే. పేర్లు నేర్పుతుంది, కథ చెప్పదు. తర్వాత గుర్తొచ్చేది చందమామ. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికలో వడ్డాది పాపయ్య, చిత్ర, శంకర్ గీసిన బొమ్మలను చూస్తూ పెరిగినవాళ్లం మనం. వాటి ముందు చేతులు కట్టుకొని నిలబడతాను. కానీ అందులో కథ మాటలతోనే పూర్తయిపోతుంది, బొమ్మ దానికి అలంకారం. చదవగలిగిన పిల్లకు ఆ పత్రిక పండుగ. మూడేళ్ల పిల్లకు ఆ పేజీ నిండా నల్ల చీమలు, మూలకు ఒక రాజు.

నేననే పుస్తకం ఎట్లా ఉంటుందో ఒక ఉదాహరణతో చెబుతాను. వ్లదీమిర్ సుతేయెవ్ సోవియట్ యూనియన్‌లో కార్టూన్ సినిమాలు తీసినాయన. 1903లో పుట్టి 1993లో పోయాడు. సినిమా మనిషి కాబట్టి ఏది చూపాలో, ఏది చెప్పాలో ఆయనకు బాగా తెలుసు. ఆయన బొమ్మల కథల్లో పుట్టగొడుగు కథ ఒకటి ఉంది. వాన పడుతుంటే ఒక చీమ చిన్న పుట్టగొడుగు కిందికి దూరుతుంది. దానికే ఇరుకు. అంతలో తడిసిన సీతాకోకచిలుక వస్తుంది, కొంచెం జరగమంటుంది. తర్వాత ఎలుక, తర్వాత పిచ్చుక. చివరికి నక్క తరుముతుంటే కుందేలు వస్తుంది. అందరూ సర్దుకుంటారు. నక్క వాసన చూసి, ఇంత చిన్న గొడుగు కింద కుందేలు ఎక్కడ పడుతుందని వెళ్లిపోతుంది. వాన వెలుస్తుంది. మొదట నాకొక్కదానికే చాలని చోటులో ఐదుగురం ఎట్లా పట్టామని చీమకు అనుమానం వస్తుంది. గొడుగు మీద కూచున్న కప్ప నవ్వి, జవాబు సగం చెప్పి గెంతుకుంటూ వెళ్లిపోతుంది. మిగిలిన సగం పుస్తకంలో ఎక్కడా లేదు. మీకు తెలిసిందా అని పిల్లలను అడిగి రచయిత ఆపేస్తాడు.

జవాబు బొమ్మల్లో ఉంది. పేజీ పేజీకీ గొడుగు కాస్త కాస్త పెరుగుతుంటుంది. మాట ఆ ఊసే ఎత్తదు. చదివే పెద్దవాళ్లు అక్షరాల వెంట పరుగెత్తుతుంటారు కాబట్టి వాళ్లకది కనపడదు. అక్షరం రాని పిల్ల కళ్లు బొమ్మ మీదనే ఉంటాయి కాబట్టి ముందు పిల్లకే కనపడుతుంది. పెద్దవాళ్ల కన్నా ముందు తనకు తెలిసిపోయిన ఆ క్షణంలో పిల్ల ముఖం చూడాలి. ఇంగ్లిషులో పాట్ హచిన్స్ 1968లో వేసిన 'రోజీస్ వాక్' కూడా ఇదే కోవ. కోడిపెట్ట షికారు గురించి ముప్ఫైరెండు మాటలు, దాని వెనకే పొంచి నడిచే నక్క గురించి ఒక్క మాట కూడా లేదు. నక్క అంతా బొమ్మల్లోనే.

ఇదంతా పరాయి దేశాల సరుకని అనుకోకండి. బొమ్మ చూపి కథ చెప్పడంలో మన ప్రాంతం చాలా పాతది. సిరిసిల్ల వైపు పద్మశాలీల ఇళ్లకు కూనపులివాళ్లు వచ్చి పటం విప్పి మార్కండేయ పురాణం చెప్పేవారు. మాదిగలకు డక్కలివాళ్లు జాంబ పురాణం, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు పాండవుల కథ. ఆ పటాలు రాసేది చేర్యాల నకాషీలు. బట్టకు చింతగింజల అంబలి, సుద్ద, జిగురు పట్టించి, ఆరబెట్టి, ఎర్రటి నేల మీద బొమ్మలు దించుతారు. పటం గజాల కొద్దీ పొడవుంటుంది. కథకుడు దాన్ని ఒక్కసారే పరిచేయడు. అడ్డగళ్లుగా ఉన్న బొమ్మలను ఒకటొకటిగా కిందికి దించుతూ, కర్రతో చూపుతూ, పాడుతూ, మధ్యలో వంతపాటవాళ్లతో పరాచికాలాడుతూ రాత్రంతా నడిపిస్తాడు. కింద చుట్టలో ఏముందో ఊరికి తెలుసు, ఐనా చూడాలని ఉంటుంది. బొమ్మల పుస్తకంలో పేజీ తిప్పడమంటే సరిగ్గా ఇదే. మంచి చిత్రకారుడు కుడివైపు పేజీలో ఏదో ఒకటి మిగిల్చి ఆపుతాడు, తోక మాత్రం చూపుతాడు, తలుపు సందు మాత్రం చూపుతాడు. పిల్ల చెయ్యి తానే ముందుకు వస్తుంది.

సారు ఈ పోలిక చెబుతూ ఇంకొక మాట కలిపేవారు. పటం ముందు కూచున్న జనంలో చాలామందికి చదువు రాదు. చదువు రాకపోవడం వాళ్లకు అడ్డం కాలేదు. మరి బొమ్మల పుస్తకం చదవడానికి ఇంట్లో చదువుకున్న మనిషి ఉండాలని మనం ఎందుకు అనుకుంటున్నాం?

జగిత్యాల దగ్గరి ఒక ఊళ్లో నేను చూసింది చెబుతాను. ఒకామె అరుగు మీద కూచుని బీడీలు చుడుతోంది. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. పక్కన నాలుగేళ్ల మనమరాలు. బళ్లోంచి తెచ్చిన పుట్టగొడుగు పుస్తకం చాట పక్కన తెరిచి ఉంది. ఆమెకు అక్షరం రాదు. చేతులు బీడీల మీదే ఉన్నాయి, కళ్లు మాత్రం బొమ్మ మీదికి వస్తున్నాయి. "వాన దంచుతుంది బిడ్డా, పుట్టకొక్కు కిందికి జొచ్చింది చీమ" అన్నది. పిల్ల పేజీ తిప్పింది. నక్క వచ్చిన పేజీలో ముసలామె చేతులు ఆగాయి. "గా నక్కకు కుందేలు కానస్తలేదా? కండ్లు పోయినయా దానికి?" పిల్ల వెనక్కి తిప్పి మొదటి బొమ్మ చూసింది, మళ్లీ ముందుకు తిప్పింది. "నాయినమ్మా, కొక్కు పెద్దగైంది!" ముసలామె కత్తెర కింద పెట్టి పుస్తకం దగ్గరికి తీసుకుంది. ఆ తర్వాత తొలకరికి పుట్టల మీద లేచే కొక్కుల గురించి, ఏవి తింటారో ఏవి తినరో, వాళ్ల అన్న అడవికి పోయి తువ్వాల నిండా తెచ్చిన సంగతి, చాలాసేపు సాగింది. అచ్చయిన మాట ఒక్కటి కూడా ఎవరూ చదవలేదు. పుస్తకం మాత్రం పూర్తిగా చదివారు.

కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్, సిరిసిల్ల పల్లెల్లో పగటిపూట పిల్లల దగ్గర ఉండేది ఎక్కువగా ఇట్లాంటి నాయినమ్మలూ అమ్మమ్మలే. తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు, తల్లి కూలికో కార్ఖానాకో పోతుంది. అందుకే మన ప్రాంతానికి పుస్తకాలు ఎంచేటప్పుడు మాటలు అసలే లేని బొమ్మల పుస్తకాలు, లేదా పేజీకి ఒక్క వాక్యం ఉన్నవి ముందు కొనాలని నా వాదన. గ్రాంటు డబ్బులతో బడికి పుస్తకాలు కొనేవాళ్లు మాటలు లేని పుస్తకాన్ని చూసి, దీంట్లో ఏముంది, డబ్బులు దండగ అంటారు. అక్షరాలు తూకమేసి కొనే అలవాటు అది. మానుకోవాలి.

ఇక దుకాణం దగ్గరికి వద్దాం. పుస్తక ప్రదర్శనలో బల్ల ముందు నిలబడి ఒక పుస్తకం చేతికి తీసుకున్నారు. ముందు మాటల మీద అరచెయ్యి పెట్టి బొమ్మలు మాత్రం చూస్తూ చివరిదాకా తిప్పండి. ఏదో జరుగుతోందని తెలియాలి, ఏమిటో పూర్తిగా తెలియకూడదు. తర్వాత బొమ్మలు వదిలి మాటలు మాత్రం చదవండి. కథకు లోటే లేదనిపిస్తే ఆ బొమ్మలు ఊరికే ఉన్నట్టు. ఆ తర్వాత గొంతెత్తి చదవండి, దుకాణంవాడు చూస్తే చూడనీయండి. నాలుక మూడుచోట్ల తట్టుకుంటే ఆ తెలుగు కాగితం మీద పుట్టింది, నోట్లో పుట్టలేదు. అనువాదాల్లో ఈ జబ్బు ఎక్కువ. పుస్తకంలో గేదె అని ఉంటే బర్రె అని చదవండి, గోంగూర అని ఉంటే పుంటికూర అనండి. పుస్తకం ఏమీ అనుకోదు. ఇరవైమంది పిల్లల ముందు పట్టుకోవడానికైతే నాలుగైదడుగుల దూరం నుంచి బొమ్మ ఆనుతుందో లేదో కూడా చూసుకోవాలి. సన్నసన్న గీతల బొమ్మ ఒళ్లో కూచోబెట్టుకున్న ఒక్క పిల్లకు బాగుంటుంది, తరగతికి పనికిరాదు.

అట్ట మీద బొమ్మలు గీసినవారి పేరు ఉందా? ఇది నేను తప్పకుండా చూస్తాను. మన ప్రాంతంలో పిల్లల కోసం రాసేవాళ్లకు కొదవ లేదు. వాసాల నర్సయ్య గారికి 2017లో, సిరిసిల్ల బిడ్డ పత్తిపాక మోహన్ గారికి 2022లో కేంద్ర సాహిత్య అకాడమీ బాలసాహిత్య పురస్కారాలు వచ్చాయి. గేయాలు, కథలు, బడిపిల్లలు స్వయంగా రాసిన కథల సంకలనాలు కూడా వస్తున్నాయి. రాతకు ఇంత గౌరవం ఉన్న చోట గీతకు మాత్రం లేదు. కథ చేతికిచ్చి వారంలో పది బొమ్మలు వేసిపెట్టు అంటారు. పేరు లోపలి పేజీలో చీమ తలంత అక్షరాల్లో వేస్తారు, ఒక్కోసారి అదీ ఉండదు. చిత్రకారుణ్ని సగం రచయితగా చూడని ప్రచురణకర్త దగ్గర మంచి బొమ్మల పుస్తకం పుట్టదు. ఎక్కడెక్కడివో కంప్యూటర్ బొమ్మలు ఏరి అతికిస్తాడు. మొదటి పేజీలో పిల్ల గౌను ఎర్రది, మూడో పేజీకి పచ్చది అయి ఉంటుంది. పిల్లలు పట్టేస్తారు.

ముఖాలు చూడండి. మనవైపు అంగడిలో దొరికే పుస్తకాల్లో పిల్లలందరూ పాల మీగడ రంగులో ఉంటారు, కళ్లు సినిమా బొమ్మల్లా పేజీ సగం ఉంటాయి. పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం నల్లటి ఒంటి రంగు, నుదుటి నిండా బొట్టు, పచ్చటి ఎర్రటి చీరలున్న మన ఆడవాళ్లను గీసి దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. పెద్దవాళ్లు లక్షలు పెట్టి గోడకు వేలాడదీసుకునే ఆ రంగు పిల్లల పుస్తకంలోకి రావడానికి ఎందుకింత సంకోచం? సాంచెల చప్పుడులో నిద్రపోయే పిల్ల, సింగరేణి బాయి దిగి ఇంటికొచ్చే తాత, రాత్రి ఫోన్ తెరలో మాత్రమే కనిపించే తండ్రి ఉన్న బొమ్మల కథలు కావాలి. అట్లాగని మన ఊరి పుస్తకాలే చదివించాలని పట్టుబట్టను. జగిత్యాల నాయినమ్మకు ఆ రష్యా పుట్టగొడుగు ఎక్కడా పరాయిది అనిపించలేదు కదా.

చివరి పేజీలో డబ్బా కట్టి 'నీతి' అని ఉన్న పుస్తకాల సంగతి. సారు వాటిని కొనేవారు కాదు. ఎవరైనా దానమిస్తే కాదనలేక తీసుకొని, ఆ డబ్బా మీద తెల్లకాగితం అంటించేవారు. పిల్లలు అక్కడ తమకు తోచిన బొమ్మ గీసేవారు. పులి అరిగిన జోళ్లు వేసుకొని ఊరికి పోతున్న బొమ్మ ఒకటి ఆ కాగితాల మీద నేను చూశాను. పంచతంత్రం మీద ఆయనకు కోపమేమీ లేదు. కథ విన్నాక పిల్ల మెదడు పని మొదలుపెడుతుంది, సరిగ్గా ఆ నిమిషంలో ఈ నీతి వచ్చి తలుపు వేస్తుందని ఆయన కోపం. ఇది నా కోపం కూడా. నిర్వాహకులు ఇచ్చిన మొదటి అంశం మీద నేను చెప్పదలచుకున్నదీ ఇంతే.

భయపెట్టే బొమ్మలు వద్దా అని తల్లులు అడుగుతారు. 1963లో మారిస్ సెండాక్ రాక్షసుల దీవికి పోయిన పిల్లవాడి పుస్తకం వేసినప్పుడు అమెరికాలో కూడా కొందరు పెద్దలు పిల్లలు జడుసుకుంటారన్నారు. రాకాసి కథలు విని పెరిగిన మనకు ఆ బెంగ అక్కర్లేదు. భయపెట్టి వదిలేసే పుస్తకం వద్దు, భయం దాటించి ఇంటికి తెచ్చే పుస్తకం ఉండనీయండి.

ఆదిలాబాద్ సంగతి వేరుగా చెప్పాలి. ఉట్నూరు, జైనూరు, నార్నూరు గూడేల్లో పిల్ల ఇంట్లో గోండీయో కోలామీయో మాట్లాడుతుంది. అంగన్‌వాడీకి వచ్చాక అక్షరమూ కొత్తదే, తెలుగూ కొత్తదే. ఆ పిల్లకు తెలిసిన నేల బొమ్మ ఒక్కటే. ఈ కష్టాన్ని ఎనభై ఏళ్ల కిందటే గుర్తించారు. 1940లో జోడేఘాట్‌లో గోండుల పోరాటం నడిపిన కుమ్రం భీం చనిపోయాక, ఆ పోరాటానికి కారణాలు వెతుకుతున్న నిజాం ప్రభుత్వానికి మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ సలహాదారు అయ్యాడు. 1943లో మార్లవాయిలో గోండు యువకులను ఉపాధ్యాయులుగా తయారుచేసే కేంద్రం పెట్టించాడు. గోండీలో వాచకాలు తయారుచేశారు. ఆ వైపు మరాఠీ అలవాటు ఉండేది కాబట్టి దేవనాగరిలో అచ్చువేశారు. ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది ఆదివాసీ భాషల్లో వాచకాలు చేసినప్పుడు గోండీ, కోలామీ వాటిలో ఉన్నాయి. నార్నూరు మండలం గుంజాలలో దొరికిన గోండీ రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. అంటే ఇవాళ ఆ లిపిని ఫోన్‌లో టైపు చేయవచ్చు. వాచకం ఉంది, లిపి ఉంది. వాచకానికి ముందు, బడికి ముందు, ఒళ్లో కూచోబెట్టుకొని చూపే బొమ్మల పుస్తకాలు గోండీలో, కోలామీలో ఒక అర నిండా కావాలి. ఆ పని ఇంకా మన ముందే ఉంది.

అవి వచ్చేదాకా ఏం చేయాలి? సారు ఉట్నూరు వైపు పనిచేసినప్పుడు చేసింది చెబుతాను. ఆయనకు గోండీ అంతంత మాత్రం. అంగన్‌వాడీ ఆయా ఆ గూడెం మనిషే. పుస్తకం సారు పట్టుకునేవారు, పేజీలు తిప్పేవారు, కథ ఆయమ్మ చెప్పేది, గోండీలో. పుస్తకంలో ఉన్న కథే చెప్పేదని పూచీ లేదు. పిల్లలు విరగబడి నవ్వేవారు, సారు అర్థం కాకుండానే నవ్వేవారు. కథ బాగా తెలిసిన కొన్నాళ్లకు అదే పుస్తకాన్ని తెలుగులో చదివేవారు. అప్పుడు తెలుగు మాటలు తెలిసిన కథలోకి వచ్చి కూచునేవి. పై అధికారి చూస్తే పాఠం జరగడం లేదనే రాసిపోతాడు. రాసుకోనీయండి.

గోండుల బొమ్మల విషయంలో కూడా ఒక మాట. గోండుల గురించి ఏ పుస్తకం వేసినా అట్ట మీద నెమలీకల టోపీతో గుస్సాడీ ఉంటాడు. గుస్సాడీ ఆడే దండారి దీపావళి రోజుల పండుగ. మిగతా ఏడాదంతా ఆ పిల్ల ఏం చేస్తుంది? ఎండాకాలం తెల్లవారుజామున ఇప్పపువ్వు ఏరుతుంది, పత్తి చేలో తల్లి వెంట తిరుగుతుంది, హాస్టల్‌కు పోయే అన్న ట్రంకుపెట్టె మీద కూచుంటుంది. ఆ బొమ్మలు ఎవరు గీస్తారు?

పుస్తకం వచ్చింది, పిల్ల ఒళ్లో కూచుంది. ఇక్కడ మనం చేసే పెద్ద పాడుపని పరీక్ష పెట్టడం. ఇదేంటిది? ఆవు. ఇదే రంగు? తెలుపు. ఇంగ్లిష్‌లో ఏమంటారు? మూడు ప్రశ్నలకు పిల్ల ఒళ్లోంచి దిగిపోతుంది, మనం పిల్లకు పుస్తకాల మీద ఆసక్తి లేదంటాం. 1988లో న్యూయార్క్ రాష్ట్రంలో వైట్‌హర్స్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు రెండు మూడేళ్ల పిల్లలున్న ఇళ్లను తీసుకున్నారు. అన్ని ఇళ్లలోనూ పుస్తకాలు చదివారు. సగం ఇళ్లలో మాత్రం ఏమవుతోంది ఇక్కడ, ఎందుకట్లా చేసింది అని అడగడం, పిల్ల చెప్పిన ముక్కకు ఇంకో ముక్క కలిపి తిరిగి చెప్పడం తల్లిదండ్రులకు నేర్పారు. నెల తిరిగేసరికి ఆ పిల్లలు మాటల్లో మిగతావాళ్లకన్నా నెలల కొద్దీ ముందున్నారు. పుస్తకాలు ఖరీదైనవి కావడం వల్ల కాదు, అడిగే తీరు మారడం వల్ల. మన కూనపులి కథకుడు వంతవాళ్లతో చేసేది కూడా ఈ మాటామంతీయే.

అదే పుస్తకం మళ్లీ మళ్లీ కావాలంటే విసుక్కోకండి. ప్రతిసారీ బొమ్మలో కొత్తది దొరుకుతుంది వాళ్లకు. చివరిదాకా చదవాలని పట్టుబట్టకండి, వెనక నుంచి ముందుకు తిప్పినా కొంప మునగదు. ఏడాది పిల్ల నోట్లో పెట్టుకుంటుంది. ఆ వయసుకు కొనడం కన్నా చేయడం మేలు. పెళ్లిపత్రికల దళసరి అట్టలు మూడు నాలుగు కుట్టి, నాయినమ్మ, మేకపిల్ల, తాత సైకిల్ ఫోటోలు అంటించండి. ఫోన్‌లో పాటలు చూపిస్తే చాలదా అంటారు. ఫోన్ పిల్ల కోసం ఆగదు, పుస్తకం ఆగుతుంది.

ఎక్కడ దొరుకుతాయన్నది చాలామంది అడిగే ప్రశ్న. సికింద్రాబాద్ తార్నాకలోని మంచి పుస్తకం వాళ్లు పాత సోవియట్ పిల్లల పుస్తకాలు మళ్లీ అచ్చువేస్తున్నారు, తానాతో కలిసి పోటీలు పెట్టి కొత్త తెలుగు బొమ్మల కథలు రాబడుతున్నారు. నేషనల్ బుక్ ట్రస్ట్ నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు చవక. చెన్నై తూలిక వాళ్లు తెలుగులో కూడా వేస్తారు. మహాశ్వేతాదేవి రాసిన, ప్రతిదానికీ ఎందుకని అడిగే శబర పిల్ల మొయినా కథ వాళ్లదే. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు పుస్తకాలు డబ్బు లేకుండా దించుకోవచ్చు, అచ్చు తీసుకోవచ్చు, కావాలంటే గోండీలోకి మీరే అనువదించి పెట్టవచ్చు. ఎవరైనా అనువదించవచ్చు కాబట్టి నాణ్యత ఒక తీరుగా ఉండదు, ముందు మీరు చదివి ఎంచుకోండి.

ఇక చివరగా డబ్బు మాట. 2022లో ప్రభుత్వం వంద రోజుల పఠనోద్యమం పెట్టింది, అదే ఏడు తొలిమెట్టు కార్యక్రమం మొదలుపెట్టింది. రెండూ మంచివే, రెండూ బడి మెట్టు ఎక్కిన పిల్లలకు. అంతకు ముందు వయసు పిల్లలు ఎవరి లెక్కలోనూ లేరు. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను ఉంది. ఆ డబ్బుతో నడిచే గ్రంథాలయాల్లో పోటీ పరీక్షల పుస్తకాలకు గదులున్నాయి, ఉండాల్సిందే. ఆరేళ్ల లోపు పిల్లలకు నేల మీద కూచుంటే చెయ్యి అందే ఎత్తులో ఒక్క అర అడుగుదాం. అందులో మాటలు లేని పుస్తకాలు ఉండాలి, చినిగితే జరిమానా వేయకూడదు, చదువు రాని నాయినమ్మ పేరు మీద కూడా ఇంటికి ఇవ్వాలి. పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్ జిల్లాలు 2016లో విడిపోయి ఎనిమిదయ్యాయి. ఎనిమిది జిల్లాల గ్రంథాలయ సంస్థలకూ పంపడానికి విజ్ఞాపన పత్రాలు బయట బల్ల మీద ఉన్నాయి. మీ జిల్లా పత్రం చూసుకొని సంతకం చేసి వెళ్లండి. సంతకం రానివాళ్లకు పక్కనే సిరా పెట్టాం.